వాకిట్లో నిలబడ్డ నర్సమ్మ

ఎనభైల్లో మా ఆర్మూర్ సర్కారు దవాఖాన నుంచి సూదుల డబ్బా పట్టుకుని ఒకామె మా వాడకు వచ్చేది. అందరం నర్సమ్మ అనేవాళ్లం. ఎవరింటికి వచ్చినా నేరుగా వంటింట్లోకి నడిచి, కుండలో నీళ్లు తనే ముంచుకుని తాగేది. ఆ చొరవ నాకిప్పటికీ గుర్తు.

కుటుంబ నియంత్రణ ఆపరేషన్లకు ఆడవాళ్లను తెమ్మని పైఅధికారులు సతాయిస్తున్న ఏడు, ఆమె మా వదినను ఒప్పించింది. "ఇద్దరు పిల్లలు సాలు గదక్కా, ఏం ఫికర్ లేదు" అంది. ఏడాది తిరక్కుండానే వదిన చిన్నకొడుకు మెదడువాపు జ్వరంతో పోయాడు.

ఆ తర్వాత నర్సమ్మ మా గడప దాటలేదు. వదిన పెద్దకూతురికి వాకిట్లోనే సూది వేసి వెళ్లిపోయేది. ఒకనాడు వచ్చి, "అక్కా, హైదరాబాద్ల పిల్లలు పుట్టెటట్టు మళ్ల కలిపే ఆపరేషన్ జేస్తరట. నేను తోల్కపోత" అంది. సెలవు పెట్టి తీసుకువెళ్లింది కూడా. అయినా వదిన కడుపు పండలేదు.

చివరికి ఒకరోజు, పసుపు ఆరబెడుతున్న వదిన ముందు నర్సమ్మ కొంగులో మొహం దాచుకుని ఏడ్చింది. "నా నౌకరి కోసం నిన్ను ఒప్పించిన. పిల్లగాడు జర పెద్దగయ్యేదాంక ఆగుమని చెప్పేదుండె. నోరు రాలె."

వదిన చేతిలోని పసుపు కొమ్ములు కింద పెట్టింది.

"నాగ్గూడ ఆగాలనే ఉండె నర్సమ్మా. నీ నౌకరి పోతదని నువ్వు బుగులువడుతుంటె సూడలేక ఊకొట్టిన. గా సంగతి మా ఇంటాయనకు ఇప్పటిదాంక జెప్పలె."

నర్సమ్మ ఏడుపు ఆగిపోయింది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూడలేక, తలలు వంచుకుని నిలబడిపోయారు.