తాళాల అత్త జవాబివ్వని రివ్యూ

తాళాల అత్తకి ఉన్న జబ్బు ఒక్కటే. ఎవరైనా ఒక మాటంటే తిరిగి నాలుగు అననిదే ఆవిడకి ముద్ద దిగదు. బస్సులో కాలు తొక్కినవాణ్ణి దిగేదాకా తిడుతుంది. వాడు భయపడి ముందు స్టాపులోనే దిగిపోతే తనూ దిగి తిడుతుంది. ఇదంతా తెలిసి తెలిసీ ఆవిడ కొట్టుని తీసుకెళ్ళి ఇంటర్నెట్‌లో పెట్టాడు మేనల్లుడు. వాడు జన్మలో చేసిన తెలివైన పనులు పెద్దగా లేవు గానీ, ఇంత తెలివితక్కువ పని మాత్రం ఇదొక్కటే.

మేనల్లుడు ఆ కొట్లోనే ముందు ఒక బల్ల వేసుకుని ఫోన్లు బాగుచేస్తాడు. ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. చాలా ఫోన్లు పాడుచేసి, ఆ తర్వాత నుంచి బాగుచేస్తున్నాడు. వెనక అత్త తాళంచెవులు కోస్తుంది. ఆ మిషను మామయ్య బతికున్నప్పటిది. అది తిరిగిందంటే గోడకి వేలాడే చెవులన్నీ గలగలలాడతాయి, అరల్లో తాళాలు గంతులేస్తాయి, అత్త కుడి భుజం పీక్కుపోతుంది.

"కొట్టు ఫోన్లో కనబడితే గిరాకీ పెరుగుతుందత్తా. జనం స్టార్లు కూడా ఇస్తారు," అన్నాడు వాడు.

"ఎందుకు?"

"నీ పని ఎలా ఉందో చెప్పడానికి."

"నా పని ఎలా ఉందో నాకు చెప్పడానికి వాళ్ళెవరు?"

అక్కడే ఆగిపోవాల్సింది. వాడు ఆగలేదు.

మొదటి ఒంటి స్టారు వచ్చింది. "వెళ్ళేసరికి కొట్టుకి తాళం వేసి ఉంది. నిరాశ కలిగింది" అని రాశారెవరో. పేరు లేదు, మొహం ఉండాల్సిన చోట పొద్దుతిరుగుడు పువ్వు బొమ్మ ఉంది.

అత్త తాళంచెవిని అరగదీస్తున్న ఆకురాయి కింద పెట్టింది. "పువ్వు చాటున దాక్కుని నన్ను తిడతాడా? రాయరా కోతీ! 'అయ్యా, మాది తాళాల కొట్టు. తాళం వెయ్యక తోరణం కడతారా? మీరొచ్చింది ఆదివారం. బోర్డు మీద అంత లావు అక్షరాలతో సెలవని రాసుంది. ఈసారి కళ్ళు ఇంట్లో పెట్టి రాకండి. ఇట్లు, మీ శ్రేయోభిలాషి.'"

"ఇంత తిట్టి శ్రేయోభిలాషి ఏంటత్తా?"

"మర్యాద ఉండక్కర్లేదూ?"

తర్వాత ఒకావిడ "కేకులో ఉప్పు ఎక్కువైంది, మా పిల్లలు ముట్టుకోలేదు" అని ఒంటి స్టారు పడేసింది.

"పక్క బేకరీకి రాయబోయి మనకి రాసిందత్తా. వదిలెయ్."

"వదలడమా? స్టారు పోయింది బేకరీ వాడిదా, నాదా? రాయి. 'అమ్మా, నా కొట్లో ఉన్నదంతా ఇనుమే. మీ పిల్లలు దాన్ని తినలేదంటే బుద్ధిమంతులు, మీ పోలిక రాలేదు. సాయంత్రంలోగా ఆ స్టారు సంగతి చూడకపోతే కేకు నేనే చేసి పంపిస్తాను, అప్పుడు తెలుస్తుంది ఉప్పంటే ఏంటో. ఇట్లు, మీ శ్రేయోభిలాషి.'"

సాయంత్రం దాకా ఆగకుండానే ఆవిడ రివ్యూ తీసేసింది.

ఇంకొకాయన "చెవి పనిచెయ్యట్లేదు, మోసం" అని రాశాడు. దానికి జవాబు రాయించలేదు అత్త. మిషను ఆపి, సంచీ భుజాన వేసుకుని, మేనల్లుణ్ణి చొక్కా పట్టుకుని లాక్కుంటూ ఆయన ఇంటికే బయల్దేరింది. లిఫ్టు పనిచెయ్యడంలేదు. ఒక్కో అంతస్తు ఎక్కేకొద్దీ ఆవిడ తిట్లు కొత్త మలుపులు తిరిగాయి. బనీనుతో తలుపు తీసినాయన చేతిలోంచి చెవి లాక్కుని, తాళంలో పెట్టి తిప్పింది. వెన్నలో కత్తిలా తిరిగింది.

"మరి నిన్న తిరగలేదే!" అన్నాడాయన.

అంతలో పై అంతస్తు నుంచి ఎవరో తొంగిచూశారు. "ఏమండీ, నిన్న మా తలుపుని పొడిచి పొడిచి వదిలిపెట్టింది మీరేనా?"

ఆయన సిగ్గుపడి ఒంటి స్టారుని రెండు చేశాడు, మెట్లెక్కి వచ్చినందుకట. ఆ మాట మీద అత్త వారంపాటు అన్నం సరిగ్గా తినలేదు.

ఇలాంటి రోజుల్లో, దగ్గర్లో కొత్తగా కట్టిన అపార్ట్‌మెంట్ల నుంచి కబురొచ్చింది. అన్ని తలుపులకీ తాళాలు బిగించే పని. అది దొరికితే కొత్త మిషను వస్తుంది, భుజానికి విముక్తి. సెక్రటరీ మాత్రం ఒక మెలిక పెట్టాడు. "స్టార్లు నాలుగుకి తగ్గకూడదమ్మా, కమిటీ పట్టుబడుతోంది."

పాత గిరాకీలు ఇచ్చిన ఐదుల పుణ్యమా అని అప్పటికి స్టార్లు నాలుగు పైనే ఉన్నాయి. సరిగ్గా ఆ వారమే ఇది దిగింది:

"పొగరుబోతు ఆడమనిషి. అడిగినంత ఇస్తానన్నా చెవి చెయ్యలేదు. నా మీద ఆకురాయి విసిరింది. ఇది దొంగల కొట్టు."

దాని వెనకే ఆ మనిషి స్నేహితులు కాబోలు, కొట్టు మొహం ఎన్నడూ చూడనివాళ్ళు, వరసగా ఒంటి స్టార్లు గుద్దేశారు. స్టార్లు నాలుగు కిందికి జారిపోయాయి.

మేనల్లుడు చేతులు రుద్దుకున్నాడు. "ఊఁ, చెప్పత్తా. రాసుకుంటా."

అత్త అరలోంచి ఒక తాళం తీసి తుడవసాగింది.

"అత్తా? నిన్ను దొంగ అన్నాడు."

"విన్నాను."

"ఇంతకీ నేను తల తిప్పినప్పుడు ఆకురాయి గానీ విసిరావా?"

"విసర్లేదు. విసిరితే తగిలేది."

అంతే. పనికిరాని ఇనపముక్క ఒకటి తీసుకుని, అది పొడయ్యేదాకా ఆకురాయితో రాసింది.

ఉప్పు కేకుకి అంత పెద్ద జవాబిచ్చిన మనిషి దీనికి నోరు మూసుకోవడం మేనల్లుడికి మింగుడు పడలేదు. ఆ మనిషి వచ్చినప్పుడు వాడు కొట్లోనే ఉన్నాడు. చేతిరుమాల్లోంచి సబ్బుబిళ్ళ తీశాడతను. దాని మీద తాళంచెవి అచ్చు. అత్త ఒక్కసారి చూసి, "చెయ్యను, పో" అంది. సబ్బు మీద అచ్చుతో వచ్చేవాడు ఎలాంటివాడో చెప్పడానికి చదువు అక్కర్లేదు. మేనల్లుడు తనే జవాబు తయారుచేసి గొంతెత్తి చదివాడు.

"'దొంగ ఎవరు బాబూ? సబ్బు మీద వేరేవాళ్ళ ఇంటి చెవి అచ్చు తెచ్చింది నువ్వు కాదూ? ఆ ఇల్లెవరిదో ముందు చెప్పు. ఇట్లు, మీ శ్రేయోభిలాషి.' ఎలా ఉందత్తా? పెట్టేస్తున్నా."

అత్త మిషను మీదుగా చెయ్యి చాపి ఫోను లాగేసుకుంది.

"నీ దుంప తెగ! ఆ అచ్చులో పళ్ళు నేను కోసినవేరా. ఈ దిక్కుమాలిన మిషను అదురుకి చివరి పన్ను కాస్త వంకరపోతుంది, ఇంకే కొట్లోనూ అలా పోదు. అంతకుముందు వారం చేతికి కట్టుతో ఒకమ్మాయి వచ్చింది, పాపని వెంటేసుకుని. గట్టి తాళం కావాలంది, పాపకో చెవి వేరుగా కోసిచ్చాను. ఎందుకని నేను అడగలేదు. వీడు ఆ పిల్ల తప్పించుకొచ్చిన మొగుడు, తర్వాత తనే చెప్పింది. పాప బడిసంచీలోంచి చెవి తీసి అచ్చు కొట్టుకున్నాడు."

ఆ మనిషి వచ్చిన రోజు అత్త తలనొప్పని చెప్పి కొట్టు తొందరగా కట్టేయడం వాడికి గుర్తొచ్చింది. "అయితే ఆ సాయంత్రం..."

"వెళ్ళి తాళం మార్చొచ్చాను. వాడికది తెలీదు. వాడి లెక్కలో నేను ఒట్టి పొగరుబోతుని. అచ్చు గుర్తుపట్టానని తెలిస్తే, ఎవరికి చెప్పావే అని ఆ పిల్ల మీద పడతాడు. జనం ఏ ఇల్లు, ఎవరి పెళ్ళాం అని ఆరాలు తీస్తారు. ఇంటివాడు బెదిరి ఖాళీ చెయ్యమంటాడు. నీకేమో నాలుగు లైకులొస్తాయి."

"మరి మన పని పోతుందత్తా!"

"పోతే పోనీ. తిట్టేది నన్ను, నీకెందుకు?" అంది. ఫోను మాత్రం మధ్యాహ్నందాకా తిరిగివ్వలేదు.

అపార్ట్‌మెంట్ల ఆఫీసులో సెక్రటరీ కళ్ళజోడు సర్దుకున్నాడు. "మీ జవాబులన్నీ చదివామమ్మా. కేకు జవాబుకి కమిటీ అంతా పడిపడి నవ్వాం. మరి దీనికి జవాబు లేదేం? మీరు వివరంగా చెప్పండి, స్టార్ల సంగతి నేను చూసుకుంటాను. నిజంగా ఆకురాయి విసిరారా?"

మేనల్లుడికి నోరు దురద పెట్టింది. బల్ల కింద అత్త వాడి కాలు గట్టిగా తొక్కింది.

"విసిరాను," అంది.

"ఎందుకమ్మా?"

"కోపమొచ్చింది."

"చెవి ఎందుకు చెయ్యలేదు?"

"వాడి మొహం నచ్చలేదు."

సెక్రటరీ నిట్టూర్చి, బయట కూర్చున్న ఇంకో కొట్టాయన్ని లోపలికి పిలిచాడు.

దారి పొడుగునా అత్త సెక్రటరీని తిట్టింది, కమిటీని తిట్టింది, స్టారు అనేదాన్ని కనిపెట్టినవాణ్ణి ఏడు తరాలదాకా తిట్టింది. కొట్టు తెరిచి, భుజానికి గుడ్డ చుట్టుకుని, మళ్ళీ పాత మిషను ముందు కూర్చుంది. గోడ మీద చెవులు గలగలమన్నాయి.

మేనల్లుడికి ఎటూ పాలుపోలేదు. దొంగపేరు ఒకటి పెట్టుకుని, పిల్లి బొమ్మ తగిలించి, ఐదు స్టార్లు నొక్కాడు. "ఈవిడకి పైకే కోపం. ఇంత మంచి మనిషిని నేనెక్కడా చూడలేదు."

అత్త ఫోను మోగింది. "ఏదో వచ్చింది, చదువు."

వాడు చదివాడు. ఏ ఒంటి స్టారుకీ ఎర్రబడనంతగా ఆవిడ మొహం ఎర్రబడింది.

"ఎవడ్రా ఆ పిల్లి?"

"ఎవరో కస్టమరత్తా. పాపం, ఐదిచ్చాడు."

"తీసెయ్."

"నేనెలా తీస్తాను?"

"పెట్టినవాడివి నువ్వేగా, కోతీ. తీసెయ్."

"మంచి మాటే కదత్తా! ఉంటే ఏం పోయింది?"

"నీ మొహంలా ఉంది మంచి మాట. నేను మంచిదాన్నని ఊరంతా తెలిశాక, బేరమాడకుండా డబ్బిచ్చే వెధవ ఒక్కడుంటాడా?"