చెప్పులు విడిచిన గుమ్మం

ఇది 2023 మే నెలలో జరిగింది. అనంతపురం శివార్లలోని ఒక పెద్ద ఆసుపత్రిలో రోగులకు ఫోన్‌లో నడక తోవ చెప్పే యాప్ పెట్టి అప్పటికి మూడు నెలలైంది. ఆ ఆవరణ మ్యాప్ గీసింది నేను. 'ఎడమకు తిరగండి, తిన్నగా నడవండి' అని చెప్పే గొంతు కూడా నాదే. వేరే మనిషి చేత చెప్పించే స్తోమత మా చిన్న సంస్థకు లేదు.

మా పనిలో ప్రతి స్థలాన్నీ ముందుగా ఒక రకంలో వేయాలి. గదులు, కారిడార్లు ఇండోర్. పార్కింగ్, రోడ్డు అవుట్‌డోర్. చిక్కంతా మధ్యరకం వాటితోనే. పైకప్పు ఉండి గోడలు లేని వరండా, గోడలుండి సగమే రేకులు కప్పిన ముంగిలి, వీటిని సెమీ-ఇండోర్ అంటాం. తలుపులూ మలుపులూ నోడ్‌లు, రెండు నోడ్‌ల మధ్య నడక ఎడ్జ్. అక్కడ నడవడం ఎంత కష్టమో చెప్పే అంకె కాస్ట్. మెట్లుంటే పెంచుతాం, ఎండ ఉంటే పెంచుతాం. కాస్ట్ తక్కువున్న తోవనే యాప్ చెబుతుంది.

స్కానింగ్ గది వెనక తలుపు నుంచి మందుల కౌంటర్ దాకా అలాంటి ముంగిలి ఒకటుంది. నేల నల్ల బండలు. జనవరిలో ఒక పొద్దున నేను కొలిచినప్పుడు అంతా నీడే. సెమీ-ఇండోర్ అని రాసి, ఎండ కాస్ట్ సున్నా వేశాను.

మే రెండో వారంలో వార్డు సిస్టర్ ఫోన్ చేసింది. "ఒకసారి వచ్చిపో మేడం. మీ ఫోన్ చెప్పిన తోవలో వచ్చి ఒకాయన కాళ్లు కాల్చుకున్యాడు."

ఆయన పేరు ఓబులేసు. తనకల్లు వైపు గొర్రెలు మేపుకునే మనిషి. ఏళ్ల తరబడి షుగర్ ఉండి అరికాళ్లలో స్పర్శ పోయింది. స్కానింగ్‌కు వచ్చి, అందరిలాగే ఆ గది ముందు గుమ్మం బయట చెప్పులు విడిచాడు. కూతురు లక్ష్మి మందుల వరుసలో నిలబడడానికి ముందే వెళ్లింది. ఆయన యాప్ పెట్టుకుని మిట్టమధ్యాహ్నం వెనక తలుపు గుండా ఒక్కడే నడిచి వచ్చాడు.

"నాయనా, నీళ్లు యాడ తొక్కినావు?" అని లక్ష్మి అడిగిందట. ఆయన వెనక నేల మీద తడి అడుగులు పడుతున్నాయి. ఆ నెలలో ఆ ఆవరణలో తొక్కడానికి నీళ్లెక్కడున్నాయి? అరికాళ్ల బొబ్బలు చితికి కారిన తడి అది.

ఆ తోవను ఆ సాయంత్రమే మూసేశాను. మరునాడు అదే వేళకు వెళ్లి, చెప్పులు విడిచి, ఆ బండల మీద కాలు పెట్టాను. ఏడో అడుగుకు రేకుల నీడలోకి దూకాను. ఆయన నడిచింది అరవై మీటర్లు. తర్వాత లాగ్, అంటే యాప్ దాచుకున్న నడక రికార్డు, తెరిచాను. తలుపు దాటగానే ఆయన రెండుసార్లు వెనక్కి తిరిగాడు. రెండుసార్లూ మళ్లీ ముందుకే వచ్చాడు. ఎందుకో అర్థం కాలేదు.

ఆదివారం మా చర్చి సంఘంలో ప్రార్థన అంశాలు అడిగినప్పుడు లేచి, "ఒక రోగి పాదం కోసం" అన్నాను. ఎవరి వల్ల అలా అయిందో చెప్పలేకపోయాను. మందిరం గుమ్మం బయట మా అందరి చెప్పులు ఉన్నాయి. ఎక్కడ విడిచామో ఆ తలుపు గుండానే ప్రతివారం బయటికొస్తాం. అది తెలిసీ, లోపలికి ఒక తలుపు, బయటికి ఇంకొకటి గీశాను.

సోమవారం డాక్టర్ చెప్పాడు, కుడి పాదం చీము పట్టిందని, అది పైకి పాకితే కాలు మోకాలి కింద దాకా తీసేయాలని. ఓబులేసును చూడ్డానికి వార్డుకు వెళ్లాను.

"ఎట్లుండాది పెద్దాయనా?" అన్నాను.

ఆయన తల తిప్పి నన్ను చూశాడు. "ఫోన్లో మాట్లాడే ఆయమ్మవు నువ్వేనా?"

"నేనే."

"చెప్పులు గ్యాపకమొచ్చి వెనక్కి తిరిగితి. మీరు దారి తప్పారు అంటివి. మళ్లా తిరిగితి, మళ్లా అంటివి. సదువుకున్నామె, తెలీకుండా చెప్తాదా అని నువ్వు చెప్పినట్లే వస్తి."

"నేను ఎన్ని చెప్పినా ఇనడు. ఫోన్లో ఆడమనిషి చెప్తే మాత్రం ఇంటాడు," అంది లక్ష్మి. ఆయన కొంచెం నవ్వాడు.

"ఆ తోవ గీసింది కూడా నేనే. తప్పు నాది," అన్నాను.

"సరేలేమ్మా. నేను గొర్రెలెనక పోవల్ల. కాలు ఉంటాదా, పోతాదా? అది చెప్పు."



తర్వాతి ఆదివారం సంఘం ముందు నిలబడి జరిగిందంతా చెప్పాను. ఎవరూ నన్ను ఓదార్చలేదు. పాస్టరయ్య ఓబులేసు పేరెత్తి ప్రార్థించాడు. ఆ తర్వాత రెండు వారాలు ఆసుపత్రి నంబరు నుంచి ఫోన్ మోగితే ఎత్తడానికి భయపడ్డాను. ఆయనకు రెండుసార్లు ఆపరేషన్ చేసి, కుడికాలి రెండు వేళ్లు తీసేశారు. పాదం నిలిచింది. ఇప్పుడు మందను దూరం తోలుకుపోయేది లక్ష్మి. ఆయన ఊరి దాపుననే నాలుగు గొర్రెలు మేపుతాడు.

మా మ్యాపుల్లో ఇప్పుడు ప్రతి తలుపుకూ ఒక గడి ఉంటుంది, అక్కడ చెప్పులు విడుస్తారా అని. విడిస్తే, తోవ మళ్లీ ఆ తలుపుకే రావాలి. వెనక్కి తిరిగిన మనిషిని దారి తప్పారని యాప్ అనదు, ఎక్కడికి వెళ్లాలో అడుగుతుంది. మధ్యరకం స్థలాలను పొద్దున ఒకసారి, మిట్టమధ్యాహ్నం ఒకసారి ఒట్టికాళ్లతో నడిచి చూస్తాను. తోవలు పొడవైపోతున్నాయని సంస్థలో మావాళ్లు విసుక్కుంటారు.

కొత్త తోవ విడుదల చేసే ముందు ఇప్పటికీ నాకు భయం వేస్తుంది. ఈ భయం తీసేయమని మొదట్లో ప్రతి రాత్రీ ప్రార్థించేదాన్ని. ఇప్పుడు అది అడగడం మానేశాను.