మిత్సుయో తుండు

తొకుజో గురించి అడిగితే మా వీధిలో ఎవరైనా ముందు అతని చేతుల గురించే చెబుతారు. మోచేతుల దాకా నీలం, స్నానాలశాలలో ఎంత రుద్దినా వదలదు. నేను మాత్రం అతని మొండితనం గురించి చెబుతాను, దాన్ని ముప్పై ఏళ్లు భరించింది నేను కాబట్టి. సకాయ్‌లో, ఇషిజు ఏటి పక్కన మినగవ గారి అద్దకం షెడ్డులో నేను జిగురు పెట్టేదాన్ని, అతను రంగు పోసేవాడు. మా ఇద్దరి మధ్య ఒక చెక్క తడిక. రోజు మొత్తం మీద నాలుగు మాటలు మాట్లాడితే గొప్ప.

అతని భార్య మిత్సుయో అలా కాదు, నోరున్న మనిషి. పిల్లల్లేరు. మధ్యాహ్నం అన్నం డబ్బా తెచ్చినప్పుడల్లా తడిక ఇవతలికి వచ్చి మొగుడి మీద నాకు చాడీలు చెప్పేది.

"చూడు హిసానో, ఊళ్లో ప్రతి షాపువాడికీ, ప్రతి నాటకాలవాడికీ పేరేసి మరీ తుండ్లు అద్దిపెడతాడు. నాకేమో డ్యామేజీవి. మొహం తుడుచుకుంటే మచ్చ, డబ్బాకి కట్టింది మచ్చ. నేను పోయాకన్నా ఒక్క మంచిది ఇస్తాడంటావా?"

"మంచివి అమ్ముకోడానికి," అనేవాడు తొకుజో అవతలి నుంచి. "తుడుచుకునేదానికి మచ్చుంటే ఏం పోయిందిట?"

ముగ్గురం నవ్వేవాళ్లం. ఒక చలికాలం ఆవిడ నిజంగానే పోయింది.

దినం అయిన మర్నాడే తొకుజో పనిలోకి వచ్చాడు. మధ్యాహ్నం ఏటి గట్టున ఒక్కడే కూర్చుని, కొనుక్కొచ్చిన అన్నం ముద్దలు తినేవాడు. సాయంత్రం మినగవ గారు షట్టరు దించేదాకా షెడ్డులోనే ఏదో ఒకటి కడుగుతూ ఉండేవాడు. కడిగిన రంగు కెటిళ్లనే మళ్లీ కడిగేవాడు. ఇంటికి వెళ్లడానికి అతనికి కాళ్లు రావడం లేదని అందరికీ తెలుసు. ఏం మాట్లాడాలో మాత్రం ఎవరికీ తెలియలేదు. నాకూ తెలియలేదు.

చెర్రీ పూలు రాలే రోజుల్లో నడుము పట్టేసి, ఇక పని మానేస్తానన్నాడు. రంగు పోసేవాడు మానేసేటప్పుడు నచ్చిన అచ్చుతో ఒక తాను అద్దుకోనివ్వడం మా షెడ్డు ఆనవాయితీ. ఆ తుండ్లు తెలిసినవాళ్లకి పంచి సెలవు తీసుకుంటాడు. ఏ అచ్చు కావాలని మినగవ గారు అడిగితే చిక్కుడుకాయలది తీశాడు. ఎండలు మొదలవగానే మిత్సుయో గుమ్మంలో కూర్చుని లావు చిక్కుళ్లు ఒలుస్తూ, దారినపోయే ప్రతివాళ్లనీ ఆపి కబుర్లు చెప్పేది. అందుకని.

"ఒక్క తుండు చాలు," అన్నాడు నాతో.

"ఒక్కటేంటన్నయ్యా, మతిగానీ పోయిందా?"

మా పనిలో ఒక్కటి అనేది లేదు. తాను మీదికి అచ్చు దించాలి, రంగు అంటకూడని చోట జిగురు లాగాలి, గుడ్డ మడిచి దానిమీదికి తిప్పాలి, మళ్లీ అచ్చు, మళ్లీ జిగురు. అలా మడతకో తుండు చొప్పున పన్నెండు మడతలు ఒకదాని మీద ఒకటి పేరుస్తాం. పైనుంచి రంగు పోస్తే కింద మోటారు లాగుతుంది. రంగు అన్ని మడతల్లోంచీ ఒకేసారి దిగుతుంది. వెనకా ముందూ ఉండదు, మొదటిదీ చివరిదీ ఉండదు.

"ఇన్నేళ్ల కాపురంలో దానికంటూ నేను చేస్తున్నది ఇదొక్కటి," అన్నాడు. "దాన్ని కూడా పదకొండు మందితో పంచుకోమంటావా?"

నేను తడిక ఇవతలికి వచ్చి నా పనిలో పడ్డాను.

మర్నాడు అందరం అన్నానికి వెళ్లినప్పుడు తనే జిగురు పెట్టుకున్నాడు, అదీ పై మడతకి ఒక్కదానికే. కింద మడతలన్నీ ఉత్త గుడ్డ. నిన్న చేరినవాడు కూడా అలా చెయ్యడు. కింద జిగురు లేకపోతే రంగు అక్కడ చెదిరి, మళ్లీ పైకి పాకి వస్తుంది. నేను వచ్చేసరికి తడి గుడ్డ రెండు చేతులతో పట్టుకుని నిలబడి ఉన్నాడు. కాయల పచ్చ నీలంలోకి కారి, ఏది కాయో ఏది మరకో తెలియడం లేదు.

"తెలిసి తెలిసి ఎందుకు చేశావన్నయ్యా?"

"కుదురుతుందేమోనని." ఆ గుడ్డ నా ముందుకు చాపి, "మళ్లీ డ్యామేజీదే ఇచ్చాను దానికి," అన్నాడు. అని, ఏడ్చాడు.

నాకు బాధ కలిగితే కోపంగానే బయటికొస్తుంది.

"ఏడిచింది చాలు గానీ లే! అడిగి ఇంకో తాను తెస్తాను. పన్నెండూ చేద్దాం. ఆవిడకో మంచిది కావాలా, నీ పంతం కావాలా?"

ఆ తాను మీద పెట్టినంత శ్రద్ధగా నేను జన్మలో జిగురు పెట్టలేదు. కాయల చుట్టూ అతను జిగురుతో గట్టు కట్టి, లోపల పచ్చ, బయట నీలం పోశాడు. తిరగేసి మళ్లీ పోశాడు. ఉతికి దూలాల మీద ఆరేస్తే పన్నెండింటిలో ఎక్కడా చుక్కంత మచ్చ లేదు. పన్నెండూ ఇంటికి పట్టుకుపోయాడు. ఎవరికీ ఒక్కటీ ఇవ్వలేదు. పిసినారి అని వీధిలో నవ్వుకున్నారు.

వానలు వెలిశాక, వంకాయ ఊరగాయ పట్టుకుని చూడ్డానికి వెళ్లాను. సందు మొదట్లోంచే కనిపించింది. అతని ఇంటి ముందు వెదురు గడ మీద పన్నెండు తుండ్లూ వరసగా ఆరుతున్నాయి. కొత్తవాళ్లెవరైనా చూస్తే లోపల ఎంత సంసారం ఉందో అనుకుంటారు.

"ఏంటన్నయ్యా, కొట్టు పెట్టావా?"

అతను నవ్వలేదు. "దానిది ఏదో తెలీడం లేదు హిసానో."

"ఏంటీ?"

"ఒకటి తీసి ఫొటో ముందు పెడతాను. కాసేపటికి, ఇది కాదేమో, పెట్టెలో ఉన్నదేమో అనిపిస్తుంది. మారుస్తాను. ఎవరికన్నా ఇద్దామంటే, ఇచ్చింది దానిదే అయితే? ఏదో తెలీక అన్నీ ఉతుకుతున్నాను." గడ వంక చూశాడు. "ఒక్క మచ్చున్నా గుర్తుపట్టేవాణ్ణి."

ఊరగాయ గిన్నె గుమ్మంలో పెట్టి, గడ మీంచి ఒక తుండు లాగాను. అంచు తడిమాను. వెలుతురుకి ఎత్తి చూశాను.

"ఇది కాదు."

"నీకెలా తెలుసు?"

"జిగురు పెట్టింది నేను. నాకు తెలీక ఇంకెవరికి తెలుస్తుంది?"

నాకేం తెలుసు, నా మొహం. కానీ ముప్పై ఏళ్లు నా జిగురుని నమ్మి కళ్లు మూసుకుని రంగు పోసిన మనిషి. రెండోది తనే తీసి ఇచ్చాడు.

"మరి ఇది?"

"కాదు."

"ఇదో?"

తొందరపడితే అనుమానం వస్తుందని ప్రతిదీ తిప్పి తిప్పి చూశాను. కాదు, కాదు అంటూ భుజం మీద వేసుకున్నాను. ఆఖరిది ఇచ్చే ముందు అతను దాని ముడతలు సాపు చేశాడు.

"ఇదే," అన్నాను.

దాన్ని రెండు చేతులతో అందుకుని మొహానికి అద్దుకున్నాడు. చాలాసేపు తియ్యలేదు. తర్వాత ఆ గుడ్డ చాటునుంచే, "మిగతావి తెలిసినవాళ్లకి తలా ఒకటి ఇచ్చెయ్," అన్నాడు. లోపలికి వెళ్లి తలుపు జరిపేసుకున్నాడు.

సందు చివరికి వచ్చి వెనక్కి తిరిగి చూశాను. గడ ఖాళీగా ఉంది. ఆ ఇంట్లో ఉంటున్నది ఒక్క మనిషేనని ఇప్పుడు ఎవరు చూసినా తెలిసిపోతుంది.