అన్నకే చప్పట్లు

నా కథలో అన్నను దుర్మార్గుడిగానే రాశాననుకున్నాను. తండ్రి పోయిన ఏడాదికి చెల్లెలిని పుట్టింటికి పిలుస్తాడు. రాగిసంగటి, నాటుకోడి పులుసు వండించి, దగ్గర కూర్చుని తినిపిస్తాడు. పసుపు కుంకుమలతో చీర పెడతాడు. మరునాడు కారెక్కించి రిజిస్ట్రారు ఆఫీసుకు తీసుకుపోయి, పొలంలో ఆమె భాగాన్ని ఆమే వదులుకున్నట్టు సంతకం చేయించుకుంటాడు. పొలం కాగితాల్లో నాన్న పేరు మార్పించడానికని మాత్రమే ఆమెకు చెబుతాడు. మా వైపు చీర పెట్టించుకున్న ఆడబిడ్డ కాగితం చదవదు. చదివితే అన్నను దొంగ అన్నట్టే. కథలో ఆమె కూడా చదవలేదు.

మదనపల్లెలో ఒక బడిలో తెలుగు చెబుతాను నేను. ఆ కథను ఫోన్లో చదువుకునే ఒక యాప్‌లో వారానికో భాగం పెడుతూ వచ్చాను. పాఠకులు చెల్లెలిని చూసి కరిగిపోతారని నా ధీమా. కరిగారు, అన్నను చూసి. అన్న క్యారెక్టర్ అదిరిందన్నారు. మగాడంటే అలా ఉండాలన్నారు. ఆయన మీద వేరే సీరియల్ రాయమన్నారు. చెల్లెలికి దక్కినవి వేరు. చదువుకున్నదే కదా, కళ్ళు ఎక్కడ పెట్టుకుందని అడిగారు. ఒకావిడ అయితే సంగటి ముద్దకు పొలం ఇచ్చేసిందని రాసి, పక్కన నవ్వే బొమ్మలు వరసగా పెట్టింది.

నాకు ఒళ్ళు మండింది. మా బడిలో లెక్కలు చెప్పే ఆవిడ రోజూ కురబలకోట నుంచి బస్సులో వస్తూ నా కథ చదువుతుంది. ఒక మధ్యాహ్నం అన్నం డబ్బా తెరుస్తూ తనే ఆ మాట ఎత్తింది.

"ఆయన మాట్లాడతాంటే ఇంగా సదవాలనిపిస్తాది మేడమ్. ఆయమ్మ వస్తే పేజీ జరిపేస్తాను. ఊరికే ఏడుస్తానే ఉండాది."

"మోసపోయింది కదా, ఏడవదా?"

"సంతకం పెట్టేటప్పుడు సూసుకోవద్దా? మా అన్నలకు నేనూ పెట్టినాను. మావోళ్ళు అట్లాంటోళ్ళు కాదు."

"మీరు కాగితం చదివే పెట్టినారా?"

ఆవిడ అన్నం కలపడం మొదలుపెట్టింది. "నాది వేరే సంగతిలే మేడమ్" అంది. ఆ వారమంతా నాతో పొడిపొడిగా మాట్లాడింది.

ఆ చెల్లెలు తెలివితక్కువది కావడం ఈవిడకు అవసరం. కాకపోతే తనూ ఆమె పక్కనే నిలబడాలి. అన్నను మెచ్చుకుంటే ఆ కాసేపైనా గెలిచేవాడి వైపు ఉండవచ్చు. ఈ సంగతి కనిపెట్టి నేను మురిసిపోయాను కూడా, పాఠకుల గుట్టు పట్టేశానని. నా గుట్టు నాకింకా తెలియలేదు.

నిజానికి ఆ కథ నేను పుట్టించింది కాదు. మా పిన్ని కూతురు, నాకు అక్క వరస, కుప్పం అవతల గుడుపల్లెలో ఉంటుంది. పుట్టిల్లు పుంగనూరు. సొంత అన్న తనకు చేసిన పనిని మా ఇంట్లో అనపకాయలు వొలుస్తూ చెప్పుకుంది. రాసుకో, పేరు మాత్రం పెట్టొద్దు అంది. మోసంతో తీసుకున్న సంతకం మీద కోర్టుకు పోవచ్చని మదనపల్లెలో ఒక లాయరు చెప్పాడు. అయితే అన్న ఆ పొలాన్ని ప్లాట్లు వేసేవాళ్ళకు అమ్మక ముందే కేసు వేయాలన్నాడు. ఉగాది దాటగానే వస్తానని అక్క ఒప్పుకుంది.

ఉగాది దాటింది, అక్క రాలేదు. ఫోన్ చేస్తే మోకాళ్ళ నొప్పులంది, ఇంట్లో పనులంది. చివరికి నేనే బస్సెక్కి గుడుపల్లెకు పోయాను.

"నేను రానుమ్మా. కోర్టుకు పోతే అందరూ నన్నే అంటారు."

"ఎవరంటారక్కా?"

లోపలికి పోయి ఫోన్ తెచ్చి నా ముందు పెట్టింది. నా కథే. కింద కామెంట్లన్నీ ఒక్కటీ వదలకుండా చదివి ఉంది. అవి ఆమె కంట పడతాయని నాకు అంతవరకూ తట్టనే లేదు.

"వాళ్ళకు నువ్వెవరో తెలీదు కదక్కా."

"తెలీకుండానే ఇన్ని మాటలంటిరి. తెలిసినోళ్ళు ఊరుకుంటారా?" అంది. ఫోన్ వెనక్కి తీసుకుని, "సదవతాంటే నాకే ఆయమ్మ మీద కోపమొచ్చింది, సంతకం యాల పెట్టిందా అని. అట్ల రాసినావు నువ్వు" అంది.

నన్ను తప్పుపడుతున్నట్టు అనలేదు. బాగా రాశావని మెచ్చుకుంటున్నట్టే అంది.

తిరుగు బస్సులో నా కథ మొదటి నుంచి చదువుకున్నాను. అన్నకు చమత్కారం ఇచ్చాను. ఎదుటివాళ్ళ నోరు మూయించే జవాబులిచ్చాను. చెల్లెలికి కళ్ళు తుడుచుకోవడానికి కొంగు ఇచ్చాను. ఆయన వస్తే నా చేయి ఆగేది కాదు, ఆమె దగ్గర కూర్చునే ఓపిక నాకే లేదు. అంతకంటే సిగ్గుపడాల్సింది ఇంకొకటుంది. అనపకాయలు వొలిచిన రోజే అక్క మీద నాకు చిరాకు పుట్టింది, చదవకుండా ఎలా పెట్టావే అని. నోటితో అనలేదు, మంచిదాన్ని కదా. ఆ చిరాకంతా కథలోకి వంపేశాను. నేను మింగిన మాటను పాఠకులు నా తరఫున అనేశారు.

తర్వాతి భాగంలో చెల్లెలికి మాటలు పెట్టాను. లాయరు దగ్గరికి నడిపించాను. ఇప్పుడు ఆస్తి మీద ఆశ పుట్టింది చూడండి, పుట్టింటి పరువు తీస్తోంది అని రాశారు పాఠకులు. అక్కకు ఫోన్ చేస్తే చదివానని మాత్రమే చెప్పింది. ఎండలు తగ్గేలోగా పుంగనూరు పొలం ప్లాట్లవాళ్ళ చేతికి పోయింది.

ఈమధ్య పుంగనూరులోనే బంధువుల పెళ్ళికి పోయాం. భోజనాల బంతిలో అక్కా నేనూ పక్కపక్కనే కూర్చున్నాం. అక్క వాళ్ళ అన్న సాంబారు బకెట్టు పట్టుకుని వడ్డిస్తూ వచ్చి మా ముందు ఆగాడు. ఆయన మొహంలో కోపం వెతికాను. లేదు.

"నీ కత మా అల్లుడు సదివి వినిపించినాడమ్మా. అది నేనేనని తెలిసిపాయ. బాగా రాసినావు. అందరూ మెచ్చుకుంటాండారంట గదా."

అక్క ఆకు మీది నుంచి తలెత్తలేదు. ఆయన ఆమెకు ఇంకో గరిటె సాంబారు వేసి, నా వైపు చూస్తూ నిలబడ్డాడు. ఏదో ఒకటి అనాలి. ఆయనకు అన్నన్ని మాటలు రాసిపెట్టినదాన్ని నేనే.

"థ్యాంక్స్ అన్నా" అన్నాను.