మేనేజరు చేతులకు పడిన కట్లు

దెయ్యం పట్టిందని దవాఖానకి తీసుకొచ్చిన వాళ్ళకి సెలైన్ పెట్టి ఇంటికి పంపించిన మనిషిని నేను. రిటైరయ్యేదాకా నర్సుని. ఎవరైనా ఇలాంటి కథ మొదలుపెడితే, ముందు అన్నం తిన్నావా అని అడిగేదాన్ని. అందుకే ఇది రాయడానికి ఇన్నేళ్ళు పట్టింది.

తొంభైలలో జరిగింది. అప్పటికి శంషాబాద్‌లో విమానాలు లేవు, రోడ్డు దిగితే జొన్న చేలే. మా తమ్ముడు ప్రభుదాసు ట్రాక్టరు నడిపేవాడు. మత్తుమందు కలిపిన కల్లుకి అలవాటుపడ్డాడు. అది ఒక్క పూట దొరక్కపోతే చేతులు వణికేవి, మాట తడబడేది. తాగుడు మాన్పించే ప్రైవేటు కేంద్రం ఒకటి శంషాబాద్ అవతల కొత్తగా పెట్టారని విని అక్కడ చేర్పించాం.

వారం తిరక్కుండానే శవాన్ని జీపులో బుద్వేల్‌లోని మా ఇంటికి పంపించారు. ఫిట్స్ వచ్చి మంచం మీద నుంచి పడ్డాడన్నారు. మావాళ్ళలో మగ శవానికి మగవాళ్ళే స్నానం చేయిస్తారు. నేను ఒప్పుకోలేదు, నేనే చేయించాను. రెండు మణికట్ల చుట్టూ చర్మం కమిలిపోయి, గుడ్డ నేత అచ్చు పడి ఉంది. వాడిని కట్టేశారని అప్పుడే అర్థమైంది.

పోలీసులు ఫిట్స్ అనే రాసుకున్నారు. తాగుబోతు చచ్చిపోతే ఎవరికి పట్టింది? నాకు పట్టింది. ఆఫీసుల చుట్టూ చెప్పులరిగేలా తిరిగి ఎంక్వైరీ వేయించాను. నాకు కావలసింది ఒక్కటే. తమ్ముడిని కట్టేసి చంపారన్న నిజం ఆ కేంద్రంలోనే, అందరి ముందూ బయటికి రావాలి.

ఎంక్వైరీ పట్టపగలు, అక్కడి భోజనాల గదిలో జరిగింది. ఎంక్వైరీ అధికారి, ఆయన గుమాస్తా, మేనేజరు, వార్డులో పనిచేసే మల్లేశం, నేను. అంతకుముందు రోగులందరినీ ఒక్కొక్కరినే పిలిచి అడిగితే, ఏం ఎరుకలేదు సార్ అని తలలు వంచుకుని వెళ్ళిపోయారు.

మేనేజరు బెజవాడ వైపు మనిషి. ఇస్త్రీ చొక్కా, మాట మాటకీ 'అండి'.

"మా దగ్గర ఎవర్నీ కట్టడం ఉండదండి. అమ్మగారు బాధలో ఏదో ఊహించుకుంటున్నారు" అని జాలిగా నవ్వాడు.

ఆ నవ్వుకి నా ఒళ్ళు మండిపోయింది. నీ చేతులు పడిపోను అని మనసులో తిట్టుకున్నాను. అలా తిట్టినందుకు ఇప్పటికీ నాకేం బాధ లేదు.

అధికారి వాంగ్మూలం మీద సంతకం పెట్టమన్నాడు. మేనేజరు కలం తీసుకున్నాడు. కలం జారిపడింది. అతని రెండు చేతులూ బల్ల మీద ఒకదానిమీద ఒకటి వచ్చి అతుక్కుపోయాయి. విడదీసుకోవాలని గింజుకున్నాడు, భుజాలు కదిలాయి గాని చేతులు రాలేదు. మల్లేశం పట్టి లాగినా రాలేదు. అప్పుడు మేనేజరు తలెత్తి నా వైపు చూశాడు.

"సిస్టరమ్మా, జర నీళ్ళియ్యవే. గొంతు ఎండుతున్నది. గీ కట్లు ఇప్పుమని చెప్పు."

గొంతు మేనేజరుదే. మాట మా తమ్ముడిది. నాకు ఉద్యోగం వచ్చిన రోజు నుంచి, ఇంట్లో వాడొక్కడే నన్ను అలా ఆటపట్టిస్తూ పిలిచేవాడు. ఆ పిలుపు ఆ గదిలో ఎవరికీ తెలిసే అవకాశం లేదు.

నీళ్ళ జగ్గు నా చేతికి అందేంత దగ్గర్లో ఉంది. నేను ముట్టుకోలేదు.

మల్లేశం అధికారి కాళ్ళ మీద పడిపోయాడు. "నా తప్పు కాదు సార్, సారే కట్టుమన్నడు. తడిగుడ్డతోని కడితే మచ్చ పడదన్నడు. గుడ్డ ఆరినంక బిగుసుకపోయింది. ఇప్పుతనంటే ఇప్పనియ్యలె. నీళ్ళు నీళ్ళు అని మొత్తుకున్నడు సార్ ఆ పిలగాడు, అయి గూడ ఇయ్యొద్దన్నడు."

గుమాస్తా ప్రతి మాటా రాసుకున్నాడు.

మేనేజరుని నేను పనిచేసే దవాఖానకే తెచ్చారు. ఆ సాయంత్రం అతని మణికట్లు చూశాను. అతన్ని ఎవరూ తాడుతో గాని గుడ్డతో గాని కట్టలేదు. అయినా చర్మం మీద నేత అచ్చు ఉంది, తమ్ముడికి ఉన్నట్టే. భయానికి కండరాలు బిగుసుకున్నాయని డాక్టరు అన్నాడు. బిగుసుకుంటాయి, నేనూ చూశాను. మరి భయానికి గుడ్డ అచ్చు పడుతుందా అని అడిగితే ఆయన వేరే రోగి దగ్గరికి వెళ్ళిపోయాడు.

కేంద్రం మూతపడింది. కేసు నడిచింది. మేనేజరు చేతులు మాత్రం మళ్ళీ సరిగ్గా విడిపోలేదు, అన్నం భార్యే తినిపించేదట. ఆమె ఒకసారి మా ఇంటికి వచ్చింది. క్షమించానని ఒక్క మాట అనమని ఏడ్చింది. మా పాస్టరుగారూ నచ్చజెప్పారు. ఆమెకి టీ ఇచ్చి పంపించాను గాని ఆ మాట అనలేదు.

ఆ గదిలో మాట్లాడింది మా తమ్ముడో, నా తిట్టో, అతని పాపభయమో నాకు ఇప్పటికీ తెలియదు. దెయ్యాలున్నాయని ఇవాళ కూడా అనను. మేనేజరు ఇంకా బతికే ఉన్నాడని విన్నాను. ప్రతి ఆదివారం చర్చిలో అందరితో కలిసి పరలోక ప్రార్థన చెబుతాను. ఇతరులను క్షమించే మాట దగ్గరికి వచ్చేసరికి నోరు మూసుకుంటాను. నేను ఆ మాట అంటే, ఎక్కడో ఆ చేతులు విడిపోతాయేమోనని.