నాటకాల కోసం చెక్కిన వాలు అక్షరాలు

ఆ రోజుల్లో నేను నంద్యాలలో ఒక చిన్న అచ్చాఫీసులో కంపోజిటరుగా ఉండేవాణ్ని. ఒకసారి ఆళ్లగడ్డ నుంచి నాటక సమాజం వాళ్లు గోడపత్రిక వేయించుకోవడానికి వచ్చారు. వాళ్ల నాటకం పేరు చాంతాడంత ఉంది. మా దగ్గరున్న పెద్ద అక్షరాలేమో గుమ్మడికాయల్లాంటివి, సగం పేరుకే కాగితం నిండిపోయేది.

"పేరు ఒక్క వరసలోనే రావాల. దూరం నుంచి కనపడాల" అన్నారు వాళ్లు.

తెలుగు అక్షరాన్ని అటూ ఇటూ నొక్కితే మ ఏదో య ఏదో తెలియదు. అందుకని సన్నగా పొడుగ్గా లాగి, కుడివైపుకు కాస్త వాల్చి, కొసలన్నీ గుండ్రంగా చేశాను. వాల్చేసరికి వత్తులు ఎడమకు జారి పక్క అక్షరం కిందికి దూరాయి. వాటిని చిన్నవి చేసి చోటికి తేవడంతోనే నా ప్రాణం పోయింది. గీసింది నేను, చెక్కలో చెక్కిందీ నేనే. అచ్చయ్యాక చూస్తే అక్షరాలు హుషారుగా తిరునాళ్లకు పరుగెత్తుతున్నట్టున్నాయి. ఆ తర్వాత బట్టల అంగళ్లవాళ్లూ సర్కసువాళ్లూ అవే కావాలని అడిగి వేయించుకున్నారు.

ఒక ఏడాది విత్తనాలు వేసే ముందు, గోస్పాడు వైపు పల్లె నుంచి ఒక పెద్దరైతు నోటీసు వేయించడానికి వచ్చాడు. అది చదివి నా ఒళ్లు మండిపోయింది. పొలాలు వదిలి బేతంచెర్ల గనుల్లో బండల పనికి పోయే కూలోళ్లకు ఊళ్లో ఎవరూ సరుకు అమ్మకూడదట, వాళ్ల గొడ్లను మేతకు బీడులోకి రానీయకూడదట. మా చిన్నమ్మది ఆ ఊరే. ఆమె కొడుకులిద్దరూ ఆ బండల పనికే పోతున్నారు.

"ఇది నేను కంపోజు చేయను" అన్నాను ఓనరుతో.

"నీకేందప్పా నొప్పి? మాటలు వాళ్లవి."

"అక్షరాలు నావి."

"చెక్క నాది. జీతం ఇస్తాండేది నేను. అక్షరాలు నీవి యాడ అయితాయి?"

పెద్దరైతు మమ్మల్ని పట్టించుకోలేదు. "ఆ వాలుగా ఉండేవాటితోనే వెయ్యి. అందంగా ఉంటాయి" అన్నాడు ఓనరుతో. మనుషుల కడుపు మాడ్చే మాటకు అందం కావలసి వచ్చింది ఆయనకు. నేను చేతిలో పని అక్కడే పెట్టి బయటికి వచ్చేశాను. ఓనరే కూర్చుని కంపోజు చేశాడు.

ఆదివారం చిన్నమ్మ ఊరికి పోయాను. ఆ నోటీసు చర్చి ఎదురు గోడకే అంటించారు. ప్రార్థన ముగిశాక చిన్నమ్మ కళ్లద్దాలు లేకుండానే, కూడబలుక్కుంటూ మొత్తం చదివింది.

"ఇవి నువ్వు చేసిన అక్షరాలే గదా, నాయనా?"

"నేనే చేసినా. ఈ నోటీసు మాత్రం నేను కంపోజు చేయలేదు చిన్నమ్మా."

"బాగుండాయి. అద్దాలు లేకున్నా కనపడతాండాయి" అంది. ఆమె మాటలో ఎత్తిపొడుపు లేదు. అదే నాకు ఇంకా మంట పుట్టించింది.

నోటీసును గోళ్లతో గీకి చించేశాను. మైదాతో అంటించారు, సగమే వచ్చింది. చర్చి నుంచి వస్తున్నవాళ్లు నిలబడి చూశారు గానీ ఒక్కరూ చెయ్యి వేయలేదు. వానలు పడకముందే చిన్నమ్మ ఇంటికి తాళం వేసి కొడుకులతో బేతంచెర్ల వెళ్లిపోయింది.

నేనూ ఆ పని మానేసి ఆళ్లగడ్డలో బస్సులకు బోర్డులు రాయడం మొదలుపెట్టాను. కొన్నాళ్లకు ఓనరు దగ్గరికి పోయి, ఆ చెక్క అక్షరాలు నాకు అమ్మమని అడిగాను.

"అమ్మను. ఆ రైతు మళ్లా నోటీసు తెస్తాడేమో" అన్నాడు, తల కూడా ఎత్తకుండా.