చేపల ఫ్రిజ్‌లో పెరుగు

ఆమె బాగా పొట్టి. పై అరలో సీసా కావాలంటే స్టూలెక్కాల్సిందే. ప్రయోగశాలలో అందరూ పొట్టక్క అనేవారు, ఆమె కూడా హాయిగా పలికేది. అలాంటి మనిషి బంగారు చేపలు ఎలా పెరుగుతాయో పరిశోధిస్తోందంటే నవ్వేవాళ్లు నవ్వుకున్నారు.

కూతురు పెద్దదయ్యాక మళ్లీ చదువుకు కూర్చుంది. అది అత్తగారికి మింగుడు పడలేదు. కోడలు గడప దాటబోతే చాలు, "ఆగమ్మాయ్!" అనేది. పాలు పొంగుతాయి, బట్టలు తడుస్తాయి, ఏదో ఒకటి. పైగా, "ఎదుగూ బొదుగూ లేని చదువు ఎందుకమ్మా?" అని దెప్పేది. గడువు ఈ వేసవితో సరి. ఈ చివరి ప్రయోగం ఫలించకపోతే పట్టా లేదు.

ఆమెను పట్టుకుని వదలని ప్రశ్న ఒక్కటే. చేప మెదడు కింద ఆవగింజంత పీయూష గ్రంథి ఉంటుంది. ఎదుగుదల హార్మోను అక్కడినుంచే రక్తంలోకి వస్తుంది. ఎప్పుడు వదలాలో మాత్రం మెదడులోని రసాయనాలు చెబుతాయి. డోపమిన్ "పెరుగు" అంటుంది, సొమాటోస్టాటిన్ "ఆగు" అంటుంది. రెండూ ఒకేసారి అరిస్తే ఆ గ్రంథి ఎవరి మాట వింటుంది? అన్నం కలుపుకుంటున్నా ఆమెకు అదే ధ్యాస.

అంత పొడుగు పేర్లు చిన్న సీసాల మీద పట్టలేదు. డోపమిన్‌లా పనిచేసే మందుకు, వెలుతురు తగలకుండా కాగితం చుట్టి, "పెరుగు" అని రాసింది. సొమాటోస్టాటిన్ ఉన్న రెండో సీసా మీద "ఆగు" అని రాసి, రెండిటినీ ప్రయోగశాల ఫ్రిజ్‌లో పెట్టింది. తెలివంటే ఆమెదే! మర్నాడు ఫ్రిజ్ తెరిస్తే "ఆగు" ఒక్కటే ఉంది.

ఆమె పరిశోధనకు మార్గదర్శి అయిన మేడం అప్పుడే లోపలికొచ్చింది. "ఫ్రిజ్‌లో తిండి పెట్టొద్దని ఎన్నిసార్లు చెప్పాలి? ఎవరో పెరుగు పెట్టారు. నిన్నే చెత్తలో పడేశా."

"అది తినే పెరుగు కాదు మేడం... ఎదిగే పెరుగు."

మేడం ముఖం పాలిపోయింది. "అయ్యో! మళ్లీ తెప్పించేలోపు గడువు దాటిపోతుంది కదమ్మా!"

పొట్టక్కకు ఏడుపు ఆగలేదు. వెళ్లి తొట్ల ముందు కూలబడింది. చేపలు తాపీగా నోళ్లు తెరుస్తూ మూస్తూ ఉన్నాయి. వీటిని పెరగమనే మందు పోయింది, సరే. మరి ఆగమనేదాన్ని ఆపితే? సొమాటోస్టాటిన్ నిల్వల్ని ఖాళీ చేసే మందు పై అరలోనే ఉంది! కళ్లు తుడుచుకుని స్టూలెక్కింది.

మేడం ఒప్పుకుంది. ఒప్పుకోక ఏం చేస్తుంది? కొన్ని చేపలకు ఆ మందు, పోల్చి చూడటానికి కొన్నిటికి ఉత్త ఉప్పునీళ్లు ఎక్కించారు. కొత్త సీసా మీద పొట్టక్క "ఆగకు" అని రాసింది. రక్తం పరీక్షిస్తే, మందు పడ్డ చేపల్లో హార్మోను బాగా పెరిగింది.

"ఇక రాసెయ్. పట్టా నీదే," అంది మేడం.

ఆ రాత్రి భోజనాల దగ్గర ఆమె అంతా చెబితే భర్త పొట్ట చెక్కలయ్యేలా నవ్వాడు. అత్తగారు మాత్రం నవ్వలేదు, మజ్జిగ కూడా వద్దని లేచి వెళ్లింది.

పొద్దున పొట్టక్క గడప దాటబోతుంటే మళ్లీ అదే కేక. "ఆగమ్మాయ్!"

ఒళ్లు మండింది. "ఇప్పుడేమైంది అత్తయ్యా?"

"ఏం లేదు. ఆపేది పోతే చాలు, దానంతటదే పెరిగిందా?"

"హార్మోను వరకూ అంతే అత్తయ్యా."

అత్తగారు చీర చెంగు సర్దుకుంది.

"చెప్పులేసుకోనీ. ఆ చేపల్ని నేనూ చూస్తా."